జూకి వెళ్లారా, నాలుగు జంతువులు చూస్తే చాలు

పోయిన నెల ఈ పేజీలో "సెలవుల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు, ఏం ఇబ్బంది పడుతున్నారు, రాయండి" అని అడిగాను. అమ్మమ్మల ఊళ్ల గురించి, వాటర్ పార్కుల గురించి వస్తాయనుకుంటే సగానికి పైగా జూ గురించే వచ్చాయి, అందులోనూ ఎక్కువ హైదరాబాద్ జూ గురించే. ఒకే ప్రశ్న పది మంది అడిగిన చోట ఒకరిదే వేశాను, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి. పేర్లు వద్దని చాలామంది అన్నారు కాబట్టి ఎవరివీ వేయలేదు, ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: అక్కా, నాకు నాలుగేళ్ల పాప, ఏడాదిన్నర బాబు. మొన్న ఆదివారం హైదరాబాద్ జూకి వెళ్లాం. పనులు తెముల్చుకుని బయల్దేరేసరికి పది, అక్కడికి చేరేసరికి పదకొండున్నర. టికెట్ లైన్లోనే బాబు ఏడుపు మొదలుపెట్టాడు. రెండు గంటలు తిరిగినా సగం కూడా చూడలేదు, పులి దాకా పోనే లేదు, పాప నడవనని రోడ్డు మీద కూర్చుంది. మా ఆయన ఒకర్ని భుజాన, ఒకర్ని చంకన వేసుకుని "ఇంకోసారి జూ మాటెత్తితే చూడు" అన్నారు. మొత్తం జూ చూపించాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి? – కూకట్‌పల్లి

జవాబు: మొత్తం చూపించకూడదమ్మా. అసలు తంటా అంతా ఆ "మొత్తం" దగ్గరే వస్తోంది. మన జూ 380 ఎకరాలు. మీ పుట్టింట్లో పొలం ఉంటే మీ నాన్నగారిని అడుగు, నాలుగేళ్ల పిల్లని వెంటేసుకుని పదెకరాలు గట్ల మీద తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో. 1963 అక్టోబరులో దీన్ని జనానికి తెరిచారు, అప్పటినుంచి ఇప్పటిదాకా ఒక్క రోజులో చంటిపిల్లలకి మొత్తం చూపించి, సాయంత్రం నవ్వుతూ ఇంటికెళ్లిన తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే వాళ్ల కాళ్లకి దణ్ణం పెడతాను.

నాలుగు జంతువులు పెట్టుకో. అంతే. ముందురోజు రాత్రి పడుకునేటప్పుడు పాపనే అడుగు, రేపు ఎవరిని చూద్దాం అని. ఏనుగు, జిరాఫీ అంటుంది, ఇంకో రెండు నువ్వు కలుపు, పులి ఒకటి, నీటిగుర్రం ఒకటి. లోపలికి వెళ్లగానే మ్యాప్ బోర్డు ఫోటో తీసుకుని ఈ నాలుగూ ఎక్కడున్నాయో చూసి, అన్నిటికంటే దూరంగా ఉన్నదాన్ని ముందు చూసేయండి, కాళ్లలో ఓపిక ఉన్నప్పుడే. తర్వాత గేటు వైపు చూసుకుంటూ వచ్చేయొచ్చు. మధ్యలో దారిలో కనబడినవన్నీ కొసరు. బ్యాటరీ బండి ఎక్కితే సుఖమే కానీ ఎక్కడెక్కడ ఆగుతుంది, మధ్యలో దిగితే మళ్లీ ఎక్కనిస్తారా లేదా అని టికెట్ కొనేటప్పుడే అడగాలి, లేకపోతే పాప "జిరాఫీ జిరాఫీ" అంటుండగానే బండి ముందుకెళ్లిపోతుంది, దాని ఏడుపు మీకు. టాయ్ ట్రైన్ మాత్రం చివర్లోనే. ముందు ఎక్కించారో, ఇక రోజంతా అదే పాట.

టైము సంగతి. సోమవారం సెలవు, అది గుర్తుపెట్టుకో, గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు, అందులో నేనొకదాన్ని. ఆదివారం వద్దు. రంజాన్ మర్నాడు, సంక్రాంతి సెలవుల్లో అయితే జంతువుల కంటే మనుషులే ఎక్కువ కనిపిస్తారు. మామూలు రోజు, గేటు తీసే వేళకి అక్కడుండాలి. ఇది పిల్లల కోసమే కాదు, పొద్దున చల్లగా ఉన్నప్పుడు జంతువులు కూడా లేచి తిరుగుతుంటాయి. పదకొండున్నరకి మీరు వెళ్లేసరికి ఎండ ఎక్కి ఉంటుంది, అవన్నీ చెట్టు కిందకో బండ చాటుకో చేరి పడుకుని ఉంటాయి, "ఏదీ కనబడట్లేదు" అని పిల్లలు పేచీ పెట్టడంలో తప్పేముంది. పన్నెండు కొట్టేలోపు బయటపడితే బాబు మధ్యాహ్నం నిద్ర కూడా చెడదు.

మీకు కూకట్‌పల్లి నుంచి మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వచ్చి అక్కడ ఆటో ఎక్కడం ఒక పద్ధతి. కారైతే మెహదీపట్నం, ఆరాంఘర్ మీదుగా రండి, ఆరాంఘర్ నుంచి జూ పార్కు దాకా నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ 2025 జనవరిలో తెరిచారు కదా, ఆ రోడ్డు మీద పాత నరకం తగ్గింది.

ఒక్కమాట మీ ఆయనకి చెప్పు. మా పెద్దాడికి మూడేళ్లప్పుడు మొదటిసారి జూకి తీసుకెళ్లాను. వాడు తోటమాలి మొక్కలకి నీళ్లు పెడుతున్న రబ్బరు పైపు దగ్గర ఆగిపోయాడు. పైపుకి చిన్న చిల్లి, అందులోంచి నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. నేను "అదిగో పులి, పులి" అని చెయ్యి పట్టుకుని లాగుతున్నాను, వాడు కదలడు. చివరికి ఎత్తుకుని తీసుకెళ్లి పులిని చూపించి వచ్చాను, విజయం సాధించినట్టు. ఇంటికెళ్లాక మా అత్తగారు "ఏం చూశావు నాన్నా" అంటే "పైపు" అన్నాడు. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా కష్టపడి వెళ్లి అనవసరమైంది చూసి వస్తే "పైపు చూసొచ్చారా" అంటాం.

ప్రశ్న: అమ్మా, నా వయసు డెబ్బై ఒకటి. మా రోజుల్లో జూకి వెళ్తే కోతులకి పల్లీలు, ఏనుగుకి అరటిపండు, జింకలకి ఆకులు పెట్టేవాళ్లం, పిల్లలకి అదే సంబరం. మొన్న మనవడి చేత జింకకి బిస్కెట్ వేయించబోతే అక్కడి ఉద్యోగి అందరి ముందూ కోప్పడ్డాడు. మా కోడలు కూడా వాణ్నే సమర్థించింది. ఒక బిస్కెట్‌తో జింకకి ఏమవుతుంది? – నల్గొండ

జవాబు: బాబాయిగారూ, ఒక బిస్కెట్‌తో ఏమీ కాకపోవచ్చు. కానీ ఆ రోజు మీ వెనకాల లైన్లో ఇంకో రెండు వేల మంది ఉన్నారు, వాళ్ల దగ్గరా తలా ఒక బిస్కెట్ ఉంది. జింక నెమరువేసే జంతువు, మన ఇంట్లో ఆవు లాంటిదే. ఒక పూట ఎక్కువ దాణా తిని కడుపుబ్బిన ఆవుని మీరు చూసే ఉంటారు, మైదా, చక్కెర పడితే దీని పరిస్థితీ అంతే. ఇంకోటి, పెట్టేవాళ్లందరూ మీ అంత జాగ్రత్తగా విప్పి పెట్టరు. కవరుతో సహా విసిరేస్తారు. ఉప్పు, మసాలా వాసన ఉన్న కవరుని జింక నమిలి మింగేస్తుంది, అది అరగదు, బయటికి పోదు, లోపల ఉండలా చుట్టుకుంటుంది. అందుకే గేటు దగ్గర సంచులు వెతికి ప్లాస్టిక్ కవర్లు ఆపేస్తున్నారు.

జూలో జంతువులకి తిండి పెట్టడం, వాటిని ఏడిపించడం, గోల చేసి బెదరగొట్టడం, చెత్త వేయడం, ఇవన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 38జె సెక్షన్ కింద నేరం. చట్టం 1972 నాటిదే కానీ జూల గురించిన భాగం తర్వాత, 90ల్లో చేర్చారు, కాబట్టి మీ రోజుల్లో మీరు పల్లీలు వేసినందుకు ఎవరూ మిమ్మల్ని ఏమీ అనలేరు లెండి. ఉద్యోగి అందరి ముందూ అరవకుండా పక్కకి పిలిచి చెప్పి ఉండాల్సింది, పెద్దవాళ్లతో మాట్లాడే తీరు అది కాదు. కానీ విషయంలో మాత్రం అతనిదీ, మీ కోడలిదే రైటు.

మనవడి సంబరం పోకూడదనుకుంటే ఒక పని చేయండి. జంతువులకి తిండి ఏ టైముకి వేస్తారో అక్కడి మనుషుల్ని నెమ్మదిగా అడగండి, చాలామంది చెప్తారు. ఆ టైముకి ఆ ఎన్‌క్లోజర్ దగ్గర నిలబడండి. మేత బండి శబ్దం వినబడగానే అప్పటిదాకా బద్ధకంగా పడి ఉన్న జంతువు చెవులు నిక్కబొడుచుకుని లేస్తుంది చూడండి, బిస్కెట్ వేస్తే వచ్చే సంబరం దాని ముందు ఎంత. పులులకీ సింహాలకీ చాలా జూల్లో వారానికి ఒక రోజు పస్తు కూడా ఉంటుంది, అడవిలో రోజూ వేట దొరకదు కదా, అలాగన్నమాట. "నానమ్మ శనివారం ఉపవాసం లాగా" అని చెప్తే పిల్లాడు ఇంటికెళ్లి నానమ్మని పులి అని పిలుస్తాడు, దానికి మాత్రం నా పూచీ లేదు.

ప్రశ్న: మా ఆరేళ్ల అబ్బాయి పులి ముందు నిలబడి "నాన్నా, ఇది ఏం తప్పు చేసింది, జైల్లో ఎందుకు పెట్టారు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నాకు మాత్రం ఏం చెప్పాలో తెలియక "ఐస్‌క్రీమ్ తిందామా" అన్నాను. ఇంటికొచ్చాక కూడా అడుగుతున్నాడు. నిజం చెప్పాలంటే నాకూ జవాబు తెలీదు. – ఖమ్మం

జవాబు: ఐస్‌క్రీమ్ కొన్నారా లేదా రాయలేదు. మీ అబ్బాయి అడిగింది మంచి ప్రశ్న, దానికి "ఇది దాని ఇల్లు, హాయిగా ఉంది" అని అబద్ధం చెప్పకండి. ఆరేళ్లకి పిల్లలకి ఇల్లంటే ఏమిటో, తలుపుకి బయట గొళ్లెం ఉంటే ఏమిటో తెలుసు.

నేనైతే ఇలా చెప్తాను. తప్పేమీ చేయలేదు నాన్నా. ఇది ఇక్కడే పుట్టింది, దీని అమ్మ కూడా జూలోనే పుట్టి ఉండొచ్చు. వేటాడటం దీనికి ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు తీసుకెళ్లి అడవిలో వదిలితే ఆకలికి చచ్చిపోతుంది, లేదంటే ఊళ్లోకి వచ్చి మేకని పట్టుకుంటుంది, అప్పుడు మనుషులు దీన్ని కొడతారు. అడవిలో ఉన్నంత బాగా ఇక్కడ ఉండదు, నిజమే. అందుకని ఇక్కడున్నవాటిని బాగా చూసుకోవాలి, అడవిలో ఉన్నవాటి జోలికి పోకూడదు. ఇంతే. దీనికి మించి ఉపన్యాసం ఇస్తే వాడు మళ్లీ ఐస్‌క్రీమ్ అంటాడు.

తర్వాత వాడికి మూషిక జింక కథ చెప్పండి. ఇది మన కథ, నల్లమల కథ. మూషిక జింక పేరుకే జింక, పెద్దయ్యాక కూడా మూడు కిలోలు తూగుతుంది, పుట్టిన మనిషి బిడ్డంత. కొమ్ములుండవు, ఒంటి మీద తెల్ల చారలు, చుక్కలు. పగలంతా చెట్టు తొర్రల్లో, బండల సందుల్లో దాక్కుంటుంది కాబట్టి అడవి పక్కన ఉండేవాళ్లు కూడా చాలామంది చూసి ఉండరు. తెలంగాణ అడవుల్లో ఇవి బాగా తగ్గిపోయాయని 2010లో హైదరాబాద్ జూ వాళ్లు, అదే ఊళ్లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి వాటిని పెంచడం మొదలుపెట్టారు. కొద్ది జతలతో మొదలై వందలు దాటాక కొన్నిటిని తీసుకెళ్లి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో వదిలారు. అది కూడా ఒక్కసారిగా తలుపు తీసి తోలేయడం కాదు, ముందు అడవిలోనే కంచె వేసిన చోట కొన్నాళ్లు ఉంచి, అక్కడి ఆకులూ కాయలూ అలవాటు చేసి, ఆ తర్వాత వదలడం. అంటే జూలో పుట్టి అడవికి వెళ్లిన జంతువులు కూడా ఉన్నాయి. "మరి పులిని ఎందుకు అలా వదలరు" అని వాడు తప్పకుండా అడుగుతాడు. మూషిక జింక ఆకులు, రాలిన కాయలు తింటుంది, అవి దొరికించుకోవడం సులువు, పులి వేటాడాలి, అది రెండేళ్ల పాటు అమ్మ దగ్గర నేర్చుకునే చదువు అని చెప్పండి. బడి మానేస్తానని పేచీ పెట్టేవాడైతే ఈ జవాబు రెండు రకాలుగా పనికొస్తుంది.

తెల్లపులి దగ్గర ఇంకో చిక్కు. అక్కడ బోర్డు ముందు నిలబడి పెద్దవాళ్లు "ఇది చాలా అరుదైన జాతి, అంతరించిపోతోంది" అని పిల్లలకి చెప్పడం నేను చెవులారా విన్నాను. అది వేరే జాతి కాదు, మామూలు బెంగాల్ పులే, రంగు తేడాతో పుట్టింది. 1951లో మధ్యప్రదేశ్‌లోని రేవా అడవుల్లో దొరికిన మోహన్ అనే పిల్ల నుంచే ఇప్పుడు మనం జూల్లో చూస్తున్నవాటిలో చాలా భాగం వచ్చాయి. ఆ తెలుపు కోసం దగ్గర చుట్టాల మధ్యే సంతానం పెంచుకుంటూ పోయారు, అందుకే వాటిలో మెల్లకన్ను లాంటి లోపాలు ఎక్కువ. మేనరికాల గురించి మన ఇళ్లలో తెలియనిదేముంది. ఆరేళ్లవాడికి ఇదంతా వద్దు, మీకోసం చెప్పాను.

ఇంకా అడుగుతుంటే సింహాల కరోనా సంగతి చెప్పండి. 2021లో మనందరం ఇళ్లలో ఉన్నప్పుడు హైదరాబాద్ జూలో ఎనిమిది సింహాలకి కూడా కరోనా వచ్చింది, ముక్కులు కారాయి, దగ్గాయి, మనకి చేసినట్టే వాటికీ పరీక్ష చేశారు, అన్నీ కోలుకున్నాయి. సింహం ముక్కులో పుల్ల ఎవరు పెట్టారు అన్న ఒక్క ప్రశ్నతో మా మనవరాలు నాతో ఒక సాయంత్రమంతా గడిపింది.

ప్రశ్న: మేడమ్, నేను ఒకటో తరగతి టీచర్ని. పిల్లల్ని జూకి తీసుకెళ్లే ముందు మీరేం తెలుసుకోవాలనుకుంటున్నారని అడిగితే వచ్చినవి పంపుతున్నాను. మొసలి నోరు తెరుచుకుని ఎందుకు పడుకుంటుంది? నీటిగుర్రానికి రక్తం ఎందుకు కారుతుంది? జిరాఫీ నాలుక ఎందుకు నల్లగా ఉంటుంది? నిద్రపోతున్న సింహాన్ని లేపడం ఎలా? – వరంగల్

జవాబు: మొసలి ఒళ్లు చల్లబరుచుకోవడానికి. దానికి మనలా చెమట పట్టదు, నోట్లో తడి ఆరుతుంటే చల్లగా ఉంటుంది. కుక్క నాలుక బయటపెట్టి రొప్పుతుంది కదా, ఇదీ ఆ పనే, కాకపోతే మొసలి రొప్పే శ్రమ కూడా పడదు.

నీటిగుర్రానిది రక్తం కాదు, చెమటా కాదు. చర్మం నుంచి ఊరే ఎర్రటి జిగురు, ఎండకీ, క్రిములకీ పనికొస్తుంది. అది సొంతంగా తయారు చేసుకునే సన్‌స్క్రీన్ అని చెప్పండి, ఆడపిల్లలు వెంటనే వాళ్ల అమ్మ డబ్బా సంగతి ఎత్తుతారు.

జిరాఫీ నాలుక దాదాపు మూరెడు ఉంటుంది. రోజులో చాలాసేపు నాలుక బయటపెట్టి కొమ్మల చివర్ల ఆకులు లాక్కుంటూనే ఉంటుంది, ఆ నలుపు దానికి ఎండ తగలకుండా కాపాడుతుందని అంటారు. ఇంకోటి చెప్పండి, అంత పొడుగు మెడలో ఎముకలు ఏడే, మన మెడలోనూ ఏడే. పిల్లలు పక్కవాడి మెడ పట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెడతారు, ఆపలేరు.

సింహాన్ని లేపకూడదు. రోజులో 20 గంటల దాకా పడుకోవడమే దాని పని. ఈలలు, చప్పట్లు, "ఓయ్ ఓయ్" అని అరుపులు, ఇవి చేసేది ఒకటో తరగతి పిల్లలు కాదు, వాళ్ల వెంట వచ్చిన బాబాయిలు. ఒక సంగతి మాత్రం పిల్లలకి కాకపోయినా వెంట వచ్చే పెద్దలకి గట్టిగా చెప్పండి. 2021లో హైదరాబాద్ జూలో ఒకతను సింహాల ఎన్‌క్లోజర్ బండ మీదికి ఎక్కి కూర్చుంటే సిబ్బంది పట్టుకుని బతికించారు. 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో ఒకతను కంచె దూకాడు, సింహం చంపేసింది. ఫోటో బాగా వస్తుందని పిల్లల్ని రెయిలింగ్ మీద కూర్చోబెట్టే తండ్రులు ఈ రెండో సంగతి గుర్తుంచుకుంటే చాలు.

అన్నట్టు మీ బడిలో ఎల్‌కేజీ పిల్లల్ని కూడా తీసుకెళ్తుంటే హైదరాబాద్ దాకా వద్దు. మీ ఊళ్లో హంటర్ రోడ్డులోని కాకతీయ జూ చాలు. చిన్నది, వాళ్లకి అదే మంచిది.

ప్రశ్న: మేం సింగపూర్‌లో ఉంటాం. డిసెంబరులో పిల్లల్ని (ఎనిమిది, ఐదు) తీసుకుని హైదరాబాద్ వస్తున్నాం. వాళ్ల అమ్మమ్మ జూకి తీసుకెళ్దామని సరదా పడుతోంది. మా పిల్లలు ఇక్కడి జూ, నైట్ సఫారీ అన్నీ చూసేశారు. అక్కడ బోర్ అంటారేమోనని, అమ్మమ్మ చిన్నబుచ్చుకుంటుందేమోనని టెన్షన్. – సింగపూర్

జవాబు: నైట్ సఫారీ గొప్పదే, కాదనను. అయితే పిల్లలకి ఒక మాట చెప్పు. సింగపూర్‌లో నైట్ సఫారీ తెరిచింది 1994లో. రాత్రి తిరిగే జంతువుల కోసం మన హైదరాబాద్ జూలో నాక్టర్నల్ హౌస్ కట్టింది 1982లో. మనది పన్నెండేళ్లు పెద్దది. రెండిటి పద్ధతీ వేరు. అక్కడ మీరు రాత్రి వెళ్తారు, ఇక్కడ పగలే రాత్రి చేస్తారు. రాత్రంతా లోపల లైట్లు వేసి ఉంచుతారు, జంతువులు పగలనుకుని పడుకుంటాయి. పొద్దున చీకటి చేస్తారు, రాత్రయిందనుకుని లేచి తిరుగుతాయి, ఆ టైములో మనం వెళ్లి చూస్తాం. ఎనిమిదేళ్ల పిల్లకి ఈ మోసం భలే నచ్చుతుంది. లోపలికి వెళ్లాక రెండు నిమిషాలు ఏమీ కనబడదు, కళ్లు అలవాటు పడేదాకా కదలకుండా నిలబడమను. ఫోన్ లైటు వేసేవాళ్లుంటారు, నువ్వు వేయకు.

ఇక అమ్మమ్మ సంగతి. ఆవిడకి పని అప్పజెప్పు. బోర్డుల మీద పేర్లు పిల్లలు ఇంగ్లిష్‌లో చదువుతారు, అమ్మమ్మ తెలుగులో చెప్పాలి. చిన్న కోతిలాంటి పెద్ద కళ్ల జంతువు దేవాంగపిల్లి. ఒంటినిండా ముళ్లుంటే ముళ్లపంది. ఇంకా పునుగుపిల్లి, దుమ్ములగొండి, రేసుకుక్క, ఉడుము, కణితి, మనుబోతు, అడవిదున్న, కొండచిలువ. పునుగుపిల్లి దగ్గర తిరుమల వెంకన్న అభిషేకానికి పునుగు తైలం ఎక్కడినుంచి వస్తుందో అమ్మమ్మ చెప్తుంది. దుమ్ములగొండి దగ్గర తన చిన్నప్పుడు ఊళ్లో మేకపిల్లలు పోయిన కథ చెప్తుంది. ఈ కథలు సింగపూర్ జూలో దొరకవు కదా. పనిలో పనిగా తెలంగాణ రాష్ట్ర జంతువు జింక, పక్షి పాలపిట్ట, ఆంధ్రప్రదేశ్‌కి కృష్ణజింక, రామచిలుక అని చెప్పి, నాలుగూ వెతకమను. పాలపిట్ట పంజరంలోనే ఉండాలని లేదు, తీగ మీద కూర్చుని ఎగిరేటప్పుడు రెక్కల నీలం చూపిస్తుంది, అప్పుడు చూడాలి.

ఇంకో అదృష్టం మీకుంది. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. వచ్చిన మొదటి మూడు రోజులు పిల్లలు తెల్లారి నాలుగున్నర, ఐదింటికే లేచి ఇల్లు పీకి పందిరేస్తారు. ఆ రోజుల్లోనే జూ పెట్టుకోండి. గేటు తీసేసరికి అందరికంటే ముందు మీరే.

ప్రశ్న: జనంలో పిల్లలు తప్పిపోతారని భయం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? – మహబూబ్‌నగర్

జవాబు: మా చిన్నాడు ఐదేళ్లప్పుడు ఒక జూలో పాముల దగ్గర తప్పిపోయాడు. పది నిమిషాలే. కానీ ఆ పది నిమిషాల్లో నాకు పదేళ్లు మీద పడ్డాయి. తప్పు నాదే, నేనూ మా ఆడపడుచూ చీర గురించి మాట్లాడుకుంటున్నాం. వాడు ఎర్ర చొక్కా వేసుకున్న ఇంకో కుటుంబం వెనకాల మేమనుకుని నడుచుకుంటూ పోయాడు.

అప్పటినుంచి, బయల్దేరే ముందు ఆ రోజు బట్టలతో పిల్లల ఫోటో ఒకటి. చేతి మీద, మోచేతి లోపల వైపు పెన్నుతో ఫోన్ నంబరు. పేరు రాయకూడదు, పేరు పెట్టి పిలిచినవాడి వెంట పిల్లలు వెళ్లిపోతారు. "తప్పిపోతే అక్కడే నిలబడు, అమ్మే వెతుక్కుంటూ వస్తుంది, ఎవరినైనా అడగాలనిపిస్తే యూనిఫాం ఉన్న అంకుల్‌ని, లేదా చంకలో పాపాయి ఉన్న ఆంటీని అడుగు" అని ఇంట్లోనే రెండుసార్లు నాటకంలాగా ఆడించాలి. పెద్దవాళ్లలో ఎవరు ఎవర్ని చూసుకోవాలో ముందే పంచుకోండి, "అందరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడట్లేదని అర్థం.

ప్రశ్న: తిరుపతి జూ, వైజాగ్ జూ, రెండిట్లో పిల్లలకి ఏది బాగుంటుంది? – రాజమండ్రి

జవాబు: మీకు వైజాగే. కంబాలకొండ అడవిని ఆనుకుని 625 ఎకరాల్లో ఉంటుంది, 1977లో తెరిచారు, ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం, జంతువులు చూసి సాయంత్రం బీచ్‌లో పడేయొచ్చు పిల్లల్ని. సెలవు సోమవారం. తిరుపతిది 5,532 ఎకరాలు, అంకె తప్పు పడలేదు, నిజంగానే అయిదు వేల పైన. 1987లో పెట్టారు. అందులో జంతువులు చాలా విశాలంగా ఉంటాయి, మనకి కాళ్లే ఉండవు, వాహనం లేకుండా చిన్నపిల్లలతో దిగకండి. అక్కడ సెలవు మంగళవారం. మీరు చేసే పొరపాటు నాకు తెలుసు, దర్శనం అయ్యాక అదే రోజు మధ్యాహ్నం జూ పెడతారు. రాత్రంతా క్యూలో నిద్రలేని పిల్లల్ని ఎండలో జంతువుల ముందు నిలబెడితే వాళ్లు ఏనుగుని చూసి కూడా ఏడుస్తారు. మర్నాడు పెట్టుకోండి.

ప్రశ్న: మూడేళ్ల పాపని సఫారీ బస్సు ఎక్కించొచ్చా? – సంగారెడ్డి

జవాబు: మూడేళ్లకి వద్దు. లైన్లో నిలబడేసరికి సగం ఓపిక అయిపోతుంది, బస్సు కిటికీకి జాలీ, దాని వెనకాల దూరంగా చెట్టు కింద ఒక పసుపు మచ్చ, అది సింహం అని మీరు చెప్పాలి, పాప నమ్మాలి. అయిదారేళ్లొచ్చాక ఎక్కించండి. వానాకాలంలో అయితే ముందు కనుక్కోండి, పెద్ద వానలకి పక్కన మీరాలం చెరువు నిండితే నీళ్లు సఫారీలోకి వచ్చి మూసేస్తుంటారు.

ప్రశ్న: మా బాబు జూలో టాయ్ ట్రైన్ తప్ప ఏదీ చూడలేదు. ఎక్కినవాడు దిగనన్నాడు. నలుగురి టికెట్లు, ఆటో, భోజనం, డబ్బంతా దండగేనా? – సికింద్రాబాద్

జవాబు: ఎన్నిసార్లు ఎక్కాడో రాయలేదు. రెండుసార్లకే దింపేసి ఉంటే మాత్రం దండగే, మూడోసారి ఎక్కించాల్సింది.